నాన్నగారు చెప్పగలిగినప్పుడే అన్నీ రాయించుకోండి

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. పాతికేళ్లకు పైగా బాయిలర్లకి, ఆవిరి పైపులకి వేడి పోకుండా పైన కప్పు వేసే లాగింగ్ పని చేశారు. మొదట ఒక ఫ్యాక్టరీలో, తరవాత ఒక కాంట్రాక్టర్ కింద చాలా చోట్ల. ఏడాదిగా ఆయాసపడుతుంటే పరీక్షలు చేయించాం. ఆస్‌బెస్టాస్ దుమ్ముకి ఊపిరితిత్తుల్లో మచ్చలు పడి గట్టిపడే ఆస్‌బెస్టాసిస్ ఉందని, ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా ఉందని చెప్పారు. ఆయన పని మానేసి చాలా కాలమైంది. కాంట్రాక్టర్ సంస్థ మూతపడింది. ఫ్యాక్టరీవాళ్లు మానవతా సాయంగా కొంత డబ్బు ఇస్తామని, ఒక కాగితం మీద సంతకం పెట్టమని అంటున్నారు. తీసుకుందామని తమ్ముడి పట్టు. నాన్న సిగరెట్లు తాగేవారు కాబట్టి కేసు నిలవదని, పైగా గడువు దాటిపోయిందని తెలిసినవాళ్లు అంటున్నారు. అమ్మకి కూడా దగ్గు మొదలైంది, అదొక టెన్షన్. కేసు వేయాలా, వదిలేయాలా?

సమాధానం: ముందుగా రెండు పనులు చెబుతాను. ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. నాన్నగారి పని చరిత్ర మొత్తాన్ని ఈ వారంలోనే ఆయన చేత చెప్పించి రాసుకోండి. కేసు వేయాలా వద్దా అన్నది నెమ్మదిగా తేల్చుకోవచ్చు. ఈ రాసుకోవడం మాత్రం వాయిదా వేయకండి.

ఎందుకంటే ఇలాంటి దావా రోడ్డు ప్రమాదం కేసు లాంటిది కాదు. ప్రమాదంలో దెబ్బ ఎప్పుడు తగిలిందో, ఏ బండి గుద్దిందో చూసినవాళ్లు ఉంటారు. ఇక్కడ పీల్చిన దుమ్ము ఇరవై, ముప్ఫై ఏళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం తరవాత జబ్బుగా బయటపడుతుంది. ఈలోగా యంత్రాలు తుక్కు కింద అమ్ముడుపోతాయి, మేస్త్రీలు చనిపోతారు, రిజిస్టర్లు దొరకవు. కోర్టు అడిగే ప్రశ్నలు మాత్రం మారవు. ఈ పదార్థం ఈ జబ్బును తేగలదా? ఈ మనిషి దాన్ని జబ్బు చేసేంత మోతాదులో పీల్చాడా? ఆ పదార్థం ఎవరి చోట, ఎవరి సరుకు నుంచి వచ్చింది?

మొదటి ప్రశ్నకి మీరు పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులను ఎలా పాడు చేస్తుందో దశాబ్దాల క్రితమే తేలిపోయింది. 1964లోనే డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్ బృందం న్యూయార్క్ ప్రాంతంలో సరిగ్గా మీ నాన్నగారి పని చేసేవాళ్లనే పరిశీలించి, వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎంత ఎక్కువగా ఉందో చూపించింది. అందరికీ ఇంత సులువుగా ఉండదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో టెఫ్లాన్ తయారీలో వాడిన సీ8 అనే రసాయనం తాగునీటిలో కలిసినప్పుడు, అది ఏ జబ్బులు తెస్తుందో ఎవరూ ఖాయంగా చెప్పలేని పరిస్థితి. ఆ ఫ్యాక్టరీ నడిపిన డ్యూపాంట్ కంపెనీతో కుదిరిన ఒప్పందం కింద సుమారు 69,000 మంది రక్తం ఇచ్చారు. ముగ్గురు శాస్త్రవేత్తల బృందం ఏళ్ల తరబడి పరిశోధించి, 2012 నాటికి ఆరు జబ్బులకు దానితో సంబంధం ఉండవచ్చని తేల్చింది. ఆ తరవాతే ఒక్కొక్కరి దావా ముందుకు నడిచింది. 2017లో సుమారు 3,550 దావాలు 67 కోట్ల డాలర్లకు పరిష్కారమయ్యాయి. మీరు అంత దూరం నడవాల్సిన పని లేదు.

మిగిలిన రెండు ప్రశ్నలకు జవాబు మీ నాన్నగారి జ్ఞాపకంలో ఉంది. వేరే ఎక్కడా అంత వివరంగా దొరకదు. అందుకే అంత తొందరపెడుతున్నాను.

"పాతికేళ్లు లాగింగ్ చేశాడు" అని ఒక వాక్యం రాసుకుంటే పనికిరాదు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఎక్కడ, ఎవరి కింద? పొడిని నీళ్లలో కలిపి ముద్ద చేసి పూసేవారా, పలకలు రంపంతో కోసేవారా, పాత కప్పును కొట్టి ఊడదీసేవారా? ఊడదీసే పనిలో దుమ్ము చాలా ఎక్కువగా లేస్తుంది కాబట్టి అది వారానికి ఎన్ని రోజులు ఉండేదో తప్పకుండా అడగండి. గది మూసి ఉండేదా, గాలి ఆడేదా? సంచుల మీద ఏ పేరు, ఏ బొమ్మ, ఏ రంగు ఉండేవి? మాస్కు ఇచ్చారా? ఇస్తే గుడ్డ మాస్కా, ఫిల్టర్ ఉన్నదా? ఇది ప్రమాదకరం అని ఎవరైనా, ఎప్పుడైనా చెప్పారా? పక్కన పనిచేసినవాళ్లు ఎవరు, వాళ్లలో ఇప్పుడు ఎవరెవరు ఉన్నారు, ఎవరికి ఇలాంటి జబ్బే వచ్చింది? గుర్తులేనిది గుర్తులేదనే రాయండి. ఊహించి చెప్పిన ఒక్క తేదీ తప్పని తేలినా అవతలి వకీలు మిగతా అంతటినీ దానితోనే కొట్టేయాలని చూస్తాడు. ఒక్కరోజులో అంతా అడగకండి. ఆయన ఊపిరి, ఓపిక చూసుకుని కొంచెం కొంచెంగా అడగండి. వీలైతే ఫోన్‌లో వీడియో కూడా తీయండి. ఆ తరవాత వకీలు ద్వారా అఫిడవిట్ చేయించండి. మనిషి ఆరోగ్యం క్షీణిస్తుంటే విచారణ మొదలయ్యేదాకా ఆగకుండా ముందుగానే వాంగ్మూలం తీసుకోమని చాలా చోట్ల కోర్టును కోరవచ్చు. మీరు తీసిన వీడియో దానికి బదులు కాదు. అవతలి పక్షం ప్రశ్నించే అవకాశం ఉన్న వాంగ్మూలానికే కోర్టులో బలం ఎక్కువ.

ఇది ఎంత ముఖ్యమో చూపే కేసు ఒకటి ఉంది. క్లారెన్స్ బోరెల్ అనే ఆయన అమెరికాలోని టెక్సాస్ ప్రాంతంలో 1936 నుంచి 1969 దాకా లాగింగ్ పనే చేశాడు. ఆస్‌బెస్టాసిస్ అని తేలాక ఆస్‌బెస్టాస్ సరుకు తయారుచేసిన కంపెనీల మీద దావా వేశాడు. విచారణ మొదలవకముందే చనిపోయాడు. కానీ అప్పటికే ఆయన వాంగ్మూలం నమోదై ఉంది. రోజు చివరికి ఒంటి మీది బట్టలు దులపకుండా చేత్తో ఎత్తలేనంత దుమ్ము పట్టి ఉండేవని అందులో చెప్పాడు. భార్య ఆయన స్థానంలో దావా కొనసాగించింది. జ్యూరీ ఆమెకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది, 1973లో పైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ప్రమాదం తెలిసి, లేదా తెలుసుకోవలసి ఉండి, హెచ్చరించకపోవడం తయారీదారు తప్పే అన్న ఆ తీర్పు తరవాతే అమెరికాలో ఆస్‌బెస్టాస్ దావాలు వెల్లువెత్తాయి.

ఆస్పత్రి కాగితాల్లోనూ ఒక పని ఉంది. చాలా కేస్ షీట్లలో రోజుకు ఎన్ని సిగరెట్లు అన్నది కచ్చితంగా ఉంటుంది. ఏం పని చేసేవారు అన్నది మాత్రం ఉండదు. డాక్టరుగారిని మర్యాదగా అడిగి పని చరిత్ర కూడా రాయించండి. బయాప్సీ స్లైడ్లు, మైనంలో భద్రపరిచిన కణజాలపు ముక్కలు (పారాఫిన్ బ్లాకులు) పారేయకుండా దాచమని ఆస్పత్రికి లిఖితపూర్వకంగా ఇవ్వండి. వాటిలో ఆస్‌బెస్టాస్ నారలు ఉన్నాయా అని తరవాత నిపుణులు చూడగలరు. స్కాన్ ఫిల్ములు, సీడీలు అన్నీ కాపీలు తీసుకోండి. ఇది చదువుతున్న మరొకరికి వేరే విషంతో సమస్య ఉంటే వాళ్లకి తొందర ఇంకా ఎక్కువ. సీసం రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు ఒక నెల పడుతుంది. బెంజీన్ ఆనవాళ్లు రక్తంలో, మూత్రంలో కొన్ని గంటలు, మహా అయితే కొద్ది రోజులే ఉంటాయి. ఆలస్యమైతే పరీక్షకు ఏమీ దొరకదు.

ఇక సిగరెట్ల సంగతి. దీన్ని దాచకండి. అవతలివాళ్ల మొదటి వాదన అదే అవుతుంది, దాస్తే నాన్నగారి మాటకే విలువ పోతుంది. అసలు విషయం ఏమిటంటే పొగ, ఆస్‌బెస్టాస్ కలిసినప్పుడు ముప్పు కూడికలా పెరగదు, హెచ్చవేతకు దగ్గరగా పెరుగుతుంది. సెలికాఫ్, ఆయన తోటి పరిశోధకుడు హామండ్‌ల పరిశోధనల్లో ఇది స్పష్టంగా కనిపించింది. అంటే సిగరెట్లు తాగినవాడికి ఆస్‌బెస్టాస్ మరింత హాని చేసింది. "సిగరెట్ల వల్లే వచ్చింది" అన్న వాదన దీన్ని పక్కన పెట్టేస్తుంది. పైగా మీ నాన్నగారికి క్యాన్సర్ ఒక్కటే కాదు, ఆస్‌బెస్టాసిస్ కూడా ఉంది. ఆస్‌బెస్టాసిస్ పొగ తాగడం వల్ల వచ్చే జబ్బు కాదు. ఆ మచ్చలు ఆయన ఎంత దుమ్ము పీల్చారో ఊపిరితిత్తుల్లోనే ఉన్న సాక్ష్యం. 1997లో హెల్సింకీలో నిపుణులు రూపొందించిన ప్రమాణాల్లో క్యాన్సర్‌ను ఆస్‌బెస్టాస్‌కు ముడిపెట్టడానికి చూసేవాటిలో ఆస్‌బెస్టాసిస్ ఒకటి. మీ వకీలుకి, నిపుణుడిగా వచ్చే డాక్టరుకి ఆ ప్రమాణాల గురించి తప్పక చెప్పండి.

చాలా దేశాల చట్టంలో ఆ పదార్థం ఒక్కటే కారణమని రుజువు చేయనక్కర్లేదు. గణనీయమైన కారణాల్లో అదొకటని చూపితే చాలు. సిగరెట్ల పేరుతో పరిహారం కొంత తగ్గించవచ్చు, అది వేరే విషయం. ఇంగ్లండ్‌లో 2005లో ఇలాంటి కేసే తీర్పుకు వచ్చింది. రేవు యార్డులో బాయిలర్ పనిచేసి, పొగతాగే అలవాటు ఉండి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయినాయన కేసు అది. సిగరెట్ల లెక్కన కోర్టు పరిహారంలో 20 శాతం తగ్గించింది. మిగతా 80 శాతం కుటుంబానికి వచ్చింది. మీ తెలిసినవాళ్లకి ఈ మాట చెప్పండి.

గడువు గురించి వాళ్లు చెప్పింది కూడా సగమే నిజం. ఒకప్పుడు చట్టం నిజంగానే అలా ఉండేది. సిలికా (ఇసుక, రాయిలో ఉండే పదార్థం) దుమ్ముతో జబ్బుపడిన కార్మికులకు, జబ్బు ఉందని తమకే తెలియకముందే గడువు ముగిసిపోయిందని 1963లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది. చట్టమే అలా ఉందని న్యాయమూర్తులే బాధపడ్డారు. అదే ఏడాది పార్లమెంటు చట్టం మార్చింది. ఇప్పుడు అక్కడ జబ్బు సంగతి, దాని కారణం తెలిసిన రోజు నుంచి మూడేళ్లు లెక్కిస్తారు. అమెరికా సుప్రీంకోర్టు 1949లోనే, రైలింజను మీద ముప్ఫై ఏళ్లు పనిచేసి సిలికా దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ తెచ్చుకున్న కార్మికుడి కేసులో, లోపల నెమ్మదిగా పేరుకున్న హాని బయటపడినప్పటి నుంచే గడువు లెక్కించాలని తీర్పు ఇచ్చింది. చాలా చోట్ల సూత్రం ఇదే.

అయినా నిశ్చింతగా కూర్చోవద్దు. కొన్ని చోట్ల జబ్బు ఎప్పుడు తెలిసినా సరే, దుమ్ము పీల్చడం ఆగిన రోజు నుంచి ఇన్నేళ్లే అని బయటి హద్దు ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో పదేళ్ల హద్దు వల్ల ఒక మెకానిక్ కుటుంబం దావా కొట్టేశారు. ఆ నిబంధన న్యాయం పొందే హక్కునే లాగేసుకుంటోందని 2014లో యూరప్ మానవ హక్కుల కోర్టు తప్పుబట్టే వరకు వాళ్లు పోరాడాల్సి వచ్చింది. పనివల్ల వచ్చిన జబ్బుకి ఇచ్చే కార్మిక పరిహారానికి, కోర్టు దావాకి గడువులు వేరువేరుగా ఉండవచ్చు. మనిషి పోయాక కుటుంబం వేసే దావాకి మరో గడువు ఉండవచ్చు. అందుకని డాక్టరు రోగనిర్ధారణ చేసిన కాగితం మీది తేదీని మీ లెక్కకు మొదటి రోజుగా పెట్టుకోండి. అంతకుముందే ఏ ఎక్స్‌రే రిపోర్టులోనైనా "దుమ్ము వల్ల కావచ్చు" అని రాసి ఉందేమో వెతకండి. ఉంటే అవతలివాళ్లు ఆ తేదీనే పట్టుకుంటారు. వకీలుకి మొదటే చూపించండి.

కాంట్రాక్టర్ సంస్థ మూతపడినంత మాత్రాన దారి మూసుకుపోదు. ఆ సంవత్సరాల్లో దానికి ఏ బీమా సంస్థ పాలసీ ఇచ్చిందో వెతకాలి. సంస్థ లేకపోయినా పాలసీ బాధ్యత బతికే ఉండవచ్చు. సరుకు తయారుచేసినవాళ్లు వేరే ప్రతివాదులు. సంచి మీది పేరు గురించి అంత గుచ్చి అడగమన్నది అందుకే. అమెరికాలో జాన్స్-మాన్‌విల్ కంపెనీ ఈ దావాల భారంతో 1982లో దివాలా రక్షణ కోరినా, బాధితుల కోసం ఏర్పడిన ట్రస్టు ఆ తరవాత కూడా పరిహారం ఇస్తూ వచ్చింది. ఫ్రాన్స్, జపాన్ వంటి దేశాల్లో ఆస్‌బెస్టాస్ బాధితులకు ప్రత్యేక నిధులు, చట్టాలు ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు యజమానుల కింద పనిచేస్తే ఎవరి దుమ్ము జబ్బు చేసిందో చెప్పలేం కదా అన్న అడ్డంకి కూడా పాతదే. 2002లో బ్రిటన్‌లో మీసోథీలియోమా అనే ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కేసుల్లో, ముప్పును గణనీయంగా పెంచిన యజమాని బాధ్యుడేనని తేల్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మాత్రం ఎవరి వాటా ఎంతని పంచే ధోరణి ఉంది. అందుకే నాన్నగారు ఏ చోట ఎన్నేళ్లు ఉన్నారన్న లెక్క అంత అవసరం. తప్పు ఎవరిదని అడగకుండా పనిలో వచ్చిన జబ్బు అన్న కారణం మీదే ఇచ్చే కార్మిక పరిహారం తక్కువ మొత్తమే అయినా త్వరగా రావచ్చు. దాన్ని కోరితే యజమాని మీద దావా హక్కు పోతుందా, తయారీదారు మీద నిలుస్తుందా అన్నది ముందే కనుక్కుని ఆ అడుగు వేయండి.

ఇప్పుడు మీ తమ్ముడి మాటకు వస్తాను. అతని ఆలోచనలో స్వార్థం ఏమీ కనిపించడం లేదు. ఇంట్లో వైద్యం ఖర్చు ఉంది, చేతికి వచ్చే డబ్బు కళ్లముందు ఉంది. కానీ "మానవతా సాయం" అన్న పేరు చూడగానే నాకు మినమాటా గుర్తొస్తుంది. జపాన్‌లోని ఆ ఊళ్లో చిస్సో కంపెనీ వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల నరాలను దెబ్బతీసింది. 1959 చివర్లో కంపెనీ బాధితులతో ఒప్పందం చేసుకుంది. పరిహారం అని రాయలేదు, సానుభూతి సొమ్ము అని రాసింది. కంపెనీ వ్యర్థజలాలే కారణమని తరవాత తేలినా కొత్తగా ఏమీ అడగబోమని అందులో ఒక షరతు. ఒప్పందానికి కొద్ది నెలల ముందే కంపెనీ ఆస్పత్రి డాక్టరు హొసోకావా ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని ఒక పిల్లికి తినిపించి చూశాడు. అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటికి రానివ్వలేదు. సంతకాలు పెట్టినవాళ్లకి ఈ సంగతి తెలియదు. హొసోకావా 1970లో తానే క్యాన్సర్‌తో ఆస్పత్రి మంచం మీద ఉండి సాక్ష్యం చెప్పాడు. 1973లో కుమామోతో కోర్టు ఆ ఒప్పందం చెల్లదని కొట్టేసి కంపెనీదే బాధ్యత అంది. న్యాయం జరిగింది, నిజమే. కానీ సంతకానికి, తీర్పుకి మధ్య పదమూడేళ్లు గడిచాయి. ఇలాంటి కాగితాలను ప్రతి కోర్టూ కొట్టేస్తుందన్న హామీ లేదు. చాలాసార్లు సంతకం సంతకమే.

కాబట్టి ఫ్యాక్టరీవాళ్లకి ఇలా రాయండి: "సాయం అయితే ఏ షరతూ లేకుండా ఇవ్వండి, తరవాత వచ్చే పరిహారంలో దాన్ని మినహాయించుకోవచ్చు." నిజంగా సాయమే అయితే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే వాళ్లు ఆ డబ్బుతో మీ హక్కును కొంటున్నారని అర్థం. అప్పుడు ధర గురించి ఆలోచించవచ్చు, అదీ వకీలు చదివాకే. ఆ కాగితంలో "ఇకముందు బయటపడే ఏ జబ్బుకైనా", "వారసులు, కుటుంబ సభ్యులు కూడా" అన్న మాటలు ఉన్నాయేమో చూడండి. ఆ రెండో మాట కింద మీ అమ్మగారి హక్కు కూడా పోవచ్చు.

అవును, అమ్మగారికి హక్కు ఉండవచ్చు. దుమ్ము పట్టిన పని బట్టలు దులిపి ఉతికిన ఇంటి ఆడవాళ్లకి ఆస్‌బెస్టాస్ జబ్బులు రావడం 1965లోనే లండన్‌లో చేసిన పరిశోధనలో నమోదైంది. దగ్గు అనగానే భయపడకండి. దగ్గుకి మామూలు కారణాలే ఎక్కువ. కానీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఈ బట్టల సంగతి ఆయనకి చెప్పండి. లేకపోతే ఆయన ఆ దిక్కున ఆలోచించే అవకాశమే ఉండదు.

మీ ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, మీరు రాసినదాన్ని బట్టి ఇది వదిలేయాల్సిన కేసు కాదు. కానీ దావా మీ నాన్నగారిది. విచారణలు, వైద్య పరీక్షలు, అవతలి వకీలు అడిగే మొరటు ప్రశ్నలు ఆయనకి భారమవుతాయి. ఏళ్లు పట్టవచ్చు. ఆయన వద్దంటే వద్దు. తమ్ముడినీ మిమ్మల్నీ కూర్చోబెట్టి తన మాట చెప్పనివ్వండి. కావాలంటే ప్రశాంతంగా వైద్యం చేయించుకుంటూనే వాంగ్మూలం వరకు ఇచ్చి, మిగతాది మీకు అప్పగించవచ్చు.

వకీలును ఎంచుకునేటప్పుడు పనివల్ల వచ్చే జబ్బుల కేసులు నడిపినవారిని వెతకండి, మామూలు ప్రమాద కేసుల అనుభవం దీనికి చాలదు. కార్మిక సంఘం ఉంటే అక్కడ అడగండి. ఇదే పని చేసిన ఇంకొందరు దొరికితే కలిసి వెళ్లండి. ఒకరి జ్ఞాపకం మరొకరికి సాక్ష్యం అవుతుంది, నిపుణుల ఖర్చు కూడా పంచుకోవచ్చు. మొదటి సమావేశంలోనే నిపుణుడిగా ఏ డాక్టరును పిలుస్తారు, ఆయన ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఓడిపోతే అవతలివాళ్ల ఖర్చు మన మీద పడుతుందా అని అడిగి జవాబులు రాయించుకోండి. గెలిస్తేనే ఫీజు, వచ్చినదాంట్లో వాటా అనే పద్ధతి కొన్ని దేశాల్లో మామూలే, కొన్నిటిలో నిషేధం. పెద్ద మొత్తం ఖాయంగా వస్తుందని మొదటి రోజే మాట ఇచ్చే వకీలు దగ్గర ఆగకండి, ఇంకొకరిని కలవండి.